ఆసు పోసే చెయ్యి: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

“ఆక్యుపేషనల్ థెరపీలో వైవిధ్యం, సమన్యాయం, చేర్పు కోసం పడే శ్రమను పనిగా గుర్తించాలి.” ఈ రంగంలో ఉన్నవాళ్లు కొన్నేళ్లుగా గట్టిగా అడుగుతున్న మాట ఇది. బరువైన పదాలన్నీ ఒక్కచోట చేరాయి కాబట్టి వినగానే సర్కారు జీవోలా అనిపిస్తుంది. తెలంగాణలోని ఆలేరు చుట్టుపక్కల నేత ఇళ్లను మనసులో పెట్టుకుని ఒక్కో పదం విప్పి చూస్తే, ఇందులో మనకు తెలియని సంగతి ఒక్కటీ లేదు.

ఆక్యుపేషనల్ థెరపీ

భుజం పట్టేస్తే ఫిజియోథెరపిస్టు దాన్ని కదిలిస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు అడిగే ప్రశ్నలు వేరు. జడ వేసుకోగలుగుతున్నావా, బిందె దించుకోగలుగుతున్నావా, మగ్గం మీద కూర్చోగలుగుతున్నావా? చేయలేకపోతే ఒంటిని పనికి తగ్గట్టు తయారు చేయాలి, లేదా పనిముట్టును ఒంటికి తగ్గట్టు మార్చాలి, లేదా పని చేసే తీరునూ చోటునూ మార్చాలి. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే జీతమొచ్చే కొలువు ఒక్కటే కాదు, పొద్దున లేచి ముఖం కడుక్కోవడం దగ్గర్నుంచి మనిషి రోజంతా చేసే ప్రతి పనీ.

అమెరికాలో 1917లో ఈ వృత్తికి ఒక సంఘం ఏర్పడింది. అంతకు ముందే మాసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్‌లో డాక్టర్ హెర్బర్ట్ హాల్ నరాల బలహీనతతో వచ్చినవాళ్లకు నేత, కుండల పని నేర్పి వైద్యం చేశాడు. మన దేశానికి ఈ చదువును తెచ్చింది కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, మరాఠీ ఇంటి కోడలై వచ్చిన ఆమె 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో తొలి స్కూలు పెట్టారు. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక దేశాల్లో మనదీ ఒకటి.

నేతతో వైద్యం మొదలుపెట్టిన ఈ విద్య, నేతతోనే ఒళ్లు అరిగిపోయిన మనుషుల దగ్గరికి రావడానికి చాలా ఆలస్యం చేసింది. మార్బుల్‌హెడ్‌లో రోగి అలసిపోతే మగ్గం దిగి పక్కన కూర్చోవచ్చు. ఇక్కడ చీర దిగకపోతే ఇల్లు గడవదు.

పని

టై అండ్ డై చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఆసు చెక్కకు ఒక కొసన ఒక మేకు, ఎదురుగా విల్లు వంపులో వరుసగా మేకులు. నూలుపోగును ఈ మేకు నుంచి ఆ వంపులో ఒకదానికి తిప్పి వెనక్కి తేవాలి, మళ్లీ పక్కదానికి. దాదాపు మీటరు దూరం, చెయ్యి బారెడు చాచడం, ముడవడం. పోగు తెగకూడదు, లెక్క తప్పకూడదు, కన్ను పక్కకు తిరగకూడదు. ఆ తర్వాతే చిటికి కట్టడం, రంగులద్దకం. ఒక్క చీరకు చెయ్యి ఇలా 9,000 సార్లు తిరగాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు.

ఈ పని ఆడవాళ్లది. “రెక్కలు గుంజుతున్నయి” అన్న మాట వినపడని నేత ఇల్లు ఉండదు. కూలి చీరకు ముడుతుంది, చీర మగ్గం మీద కూర్చున్న మనిషి పేరు మీద దిగుతుంది. ఆసు పోసిన చెయ్యికి విడిగా లెక్క లేదు. వంటతో పాటు, పిల్లలతో పాటు అదీ ఇంటిపనిలో కలిసిపోతుంది.

ఆలేరు మండలం శారాజిపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి అలా ఆసు పోసి పోసి భుజాలు పడిపోయిన మనిషి. ఆరో తరగతితో చదువు ఆపేసిన మల్లేశం 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టి, డబ్బు లేక ఆపి, హైదరాబాద్‌లో కూలికి చేరి, మళ్లీ మొదలుపెట్టి 1999లో ముగించాడు. అమ్మ పేరుతో అది లక్ష్మీ ఆసు యంత్రం అయింది. ఒక చీర ఆసుకు పట్టే ఐదారు గంటలు గంటన్నరకు దిగాయి.

ఏ కదలిక దగ్గర ఒళ్లు అరుగుతోంది, ఆ కదలికను పనిముట్టు మీదికి ఎలా మార్చాలి అన్న పరిశీలన థెరపీ కాలేజీలో పిల్లలకు నేర్పే ప్రధాన పాఠం. మల్లేశం ఆ పాఠం చదవలేదు, తల్లి భుజం చూశాడు. అయితే ఆ పాఠ్యపుస్తకాల్లో ఆసు చెక్క ఎందుకు లేదు? నా పట్టుదలంతా ఈ ప్రశ్న మీదే. పుస్తకం రాసిన గదిలోకి శారాజిపేట నుంచి ఎవరూ వెళ్లలేదు కాబట్టి.

వైవిధ్యం

ఆ గదిలో ఎవరెవరున్నారన్నదే వైవిధ్యం. రోగుల్లో ఇది ఎటూ ఉంటుంది, చికిత్స చేసేవాళ్లలో కావాలి. పద్మశాలి ఇంటి పిల్ల థెరపిస్టు అయితే గుంట మగ్గంలో కాళ్లు ఎలా పడతాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సమన్యాయం

అందరికీ ఒకటే ఇవ్వడం సమానత్వం. ఎవరికి ఏది అడ్డమో చూసి దాన్ని తీసేయడం సమన్యాయం. ఉమ్మడి నల్లగొండలో ఇది బాగా తెలిసిన విషయం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో వెన్ను కర్రలా బిగుసుకున్నవాళ్లకు అందరికీ కట్టినట్టే నేలబారు మరుగుదొడ్డి కడితే అది కట్టనట్టే. వంగలేని మనిషికి ఎత్తు కావాలి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ కావాలి, పొడుగు పిడి చెంబు కావాలి. శివన్నగూడెం అంశల స్వామి ఫ్లోరైడ్ నీళ్లు వంకర తిప్పిన ఒంటితోనే ఆ నీళ్ల మీద పోరాటానికి ముఖమయ్యాడు. ఊళ్లో సెలూన్ పెట్టుకున్నాడు. 2023 జనవరిలో పోయాడు. మనిషికి పింఛనుతో పాటు పని కూడా కావాలని అతని బతుకు చూస్తే తెలుస్తుంది.

చట్టం ఈ దిక్కుగా కొంత నడిచింది. 1995 చట్టం 7 వైకల్యాలను గుర్తిస్తే 2016 చట్టం 21కి పెంచింది, మనిషికి తగిన ఏర్పాటు చేయడం బాధ్యత అంది. కానీ వైకల్యానికి ధ్రువపత్రమిచ్చే సదరం క్యాంపులో 40 శాతం గీత దాటితేనే పింఛను. ఆసు పోసి పోసి పైకి లేవని భుజం ఆ గీతకు ఇవతలే ఆగిపోతుంది. నొప్పి ఉంటుంది, కాగితం ఉండదు. ఇలాంటి నష్టానికి ఆన్ విల్‌కాక్, ఎలిజబెత్ టౌన్సెండ్ అనే పండితులు 1990ల చివర్లో ‘ఆక్యుపేషనల్ జస్టిస్’ అన్న భావన తెచ్చారు. తనకు అర్థమున్న పని చేసుకునే వీలు దక్కకపోవడం, ఒళ్లు హూనమయ్యే పనిలోంచి బయటపడే దారి లేకపోవడం రెండూ అన్యాయాలే అన్నారు. పని విషయంలో న్యాయం మీద వచ్చిన మాటల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

యంత్రం వచ్చాక కూడా సమన్యాయం లెక్క తేలలేదు. యంత్రం కొనగలిగిన ఇంట్లో భుజాలు తేలికపడ్డాయి. కొనలేని ఇల్లు ఆసు కూలి బయట కట్టాలి, లేదంటే పాత చెక్క ముందే కూర్చోవాలి.

చేర్పు

వైకల్యమున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలకు వెళ్లండి. రాలేని పిల్లల ఇళ్లకు రిసోర్స్ పర్సన్లే వెళ్తారు. మంచం మీద పిల్లవాడికి చెంచా పట్టడం నేర్పుతారు, తల్లికి ధైర్యం చెబుతారు, సదరం స్లాటు సంగతి చూస్తారు. చేర్పు అంటే ఇదంతా. ఎండలో బండి మీద తిరిగే పని.

గుర్తింపు

మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. సంతోషమే. కానీ పై వాక్యంలోని గుర్తింపు శాలువాతో తీరేది కాదు. అమెరికా కాలేజీల్లో నల్లజాతి అధ్యాపకులు తమవాళ్ల పిల్లలకు పెద్దదిక్కుగా ఉంటూ, కమిటీల్లో కూర్చుంటూ గడిపే గంటలు ప్రమోషన్ లెక్కకు రావన్న ఫిర్యాదు పాతదే. ఇక్కడ ఊరి యాస తెలిసిన జూనియర్ థెరపిస్టు వార్డంతటికీ దుబాసీ అయిపోతే, ఆ గంటలు ఆమె జాబ్ చార్టులో కనపడవు. ఇంట్లో ఆసు పోయడం ఎలా లెక్కకు రాలేదో ఇదీ అలాగే. మంచి మనసుతో చేస్తున్నారు కదా అంటూ ఉచితంగా వాడుకోవడమే రెండు చోట్లా జరుగుతోంది.

లెక్కలో రాయడం చేతగాని పనేమీ కాదు. 2019-20 చేనేత గణన అనుబంధ పనివాళ్లను విడిగా లెక్కపెట్టింది. దేశంలోని 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో 25 లక్షలకు పైగా ఆడవాళ్లేనని తేల్చింది. ఆరోగ్య వృత్తుల మీద వచ్చిన 2021 చట్టం ఆక్యుపేషనల్ థెరపీని ఆ వృత్తుల్లో ఒకటిగా చేర్చింది. ఆ చట్టం కింద చదువుకు, కొలువుకు ప్రమాణాలు రాసేటప్పుడే ఇంటింటి సందర్శన, పనిముట్లు మార్చడం, దుబాసీ పని గంటలను డ్యూటీ గంటలుగా రాయవచ్చు. గుర్తింపు అడుగుతున్నవాళ్లూ ఉన్నారు. బడి చదువుల పథకమైన సమగ్ర శిక్ష ఉద్యోగులు 2024 డిసెంబరులో తెలంగాణ అంతటా సమ్మెకు దిగి అడిగింది కొలువు రెగ్యులర్ చేయమని. భవిత రిసోర్స్ పర్సన్లు పనిచేసేది ఆ సమగ్ర శిక్ష కిందే.