ఫోన్ కెమెరాలో గలగల శబ్దం వస్తోందా? లోపమో కాదో రైతులు ఇలా తెలుసుకోవచ్చు

ఆకు మీద మచ్చ కనిపించినా, కాయ తొలిచిన పురుగు కనిపించినా ఇప్పుడు రైతు ముందుగా చేసే పని ఫొటో తీయడం. ఆ ఫొటోనే వాట్సాప్‌లో వ్యవసాయ అధికారికి పంపుతున్నారు. తెలుగులో పనిచేసే ప్లాంటిక్స్ యాప్ వాడేవారున్నారు. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ యాప్‌కు కూడా ఫొటోయే ఆధారం. ఫొటో మసకగా ఉంటే తామర పురుగు నష్టాన్ని నల్లి నష్టంగా పొరబడవచ్చు. అప్పుడు మందు ఖర్చు వృథా, పంటకూ నష్టం.

విశాఖపట్నంలోని సీతమ్మధార రైతుబజారుకు తెల్లవారకముందే బెండ, వంగ, ఆనపకాయలతో బయలుదేరే రైతుల ఫోన్లు రోజూ ఆటో కుదుపులకు, బైకు అదురుకు గురవుతాయి. ఒకరోజు ఫోన్ కదిపితే వెనుక కెమెరా దగ్గర గలగల మంటుంది. కెమెరా ఊడిపోయిందేమో అన్న అనుమానంతో రిపేరు షాపుకు వెళ్తే, పాడవని కెమెరాకు కూడా వేల రూపాయలు ఖర్చయ్యే అవకాశం ఉంది. అలాగని నిజంగా లోపం ఉన్నప్పుడు పట్టించుకోకపోతే వారంటీ గడువు దాటిపోతుంది. కాబట్టి ఏ శబ్దం మామూలో, ఏది లోపమో తెలుసుకోవడం అవసరం.

ముందుగా ఈ పరీక్ష చేయండి

1. నిశ్శబ్దంగా ఉన్న చోట కవరు తీసేసి, ఫోన్‌ను చెవి దగ్గర పట్టుకుని మెల్లగా కదపండి. గట్టిగా ఊపకూడదు.
2. శబ్దం వస్తే, కెమెరా యాప్ తెరిచి వెనుక ప్రధాన కెమెరా ఆన్‌లో ఉండగా మళ్లీ అలాగే కదపండి.
3. గోడ మీది క్యాలెండర్‌ను ఫొటో తీసి, పెద్దది చేసి అంకెలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి.

కెమెరా తెరవగానే శబ్దం ఆగిపోయి లేదా బాగా తగ్గి, ఫొటో స్పష్టంగా వస్తే భయపడాల్సిన పని లేదు. కెమెరా తెరిచినా శబ్దం అలాగే వస్తూ, తెరమీద బొమ్మ వణుకుతుంటే లోపం ఉన్నట్టే అనుమానించాలి.

ఎందుకు శబ్దం వస్తుంది?

చాలా ఫోన్లలో ఓఐఎస్ అనే ఏర్పాటు ఉంటుంది. చేయి వణికినా ఫొటో చెదరకుండా చూడటం దీని పని. నెత్తిన నీళ్ల బిందె పెట్టుకుని నడిచేవారు గట్టు ఎగుడుదిగుడుగా ఉన్నా మెడతో సర్దుకుంటూ బిందెను కదలనివ్వరు కదా, ఇదీ అలాంటిదే. ఫోన్ ఎటు కదిలిందో లోపలి సెన్సార్ గుర్తిస్తుంది. సన్నని స్ప్రింగుల మీద ఉన్న లెన్స్‌ను చిన్న అయస్కాంతాలు, తీగచుట్టలు దానికి ఎదురు దిశలో కదుపుతాయి. 2012లో వచ్చిన నోకియా లూమియా 920 ఈ ఏర్పాటుతో వచ్చిన తొలి స్మార్ట్‌ఫోన్. ఇప్పుడు మధ్యశ్రేణి ఫోన్లలో కూడా ఇది ఉంటోంది.

కెమెరా ఆన్‌లో ఉన్నప్పుడు తీగచుట్టలో కరెంటు పారుతూ లెన్స్‌ను పట్టి ఉంచుతుంది. ఆపేశాక ఆ పట్టు ఉండదు. అందుకే ఫోన్ కదిపినప్పుడు లెన్స్ అటూ ఇటూ తగిలి చిన్న గలగల వినిపిస్తుంది.

లోపం కాని శబ్దాలు

• కెమెరా ఆపి ఉన్నప్పుడు కదిపితే వచ్చే చిన్న గలగల.
• కెమెరా తెరిచినప్పుడు, మూసినప్పుడు ఒక్కసారి వచ్చే 'టిక్' శబ్దం.
• ఫోకస్ సర్దుకునేటప్పుడు వచ్చే సన్నని గిర్రుమనే శబ్దం. నిశ్శబ్దంగా ఉన్న చోట వీడియో తీస్తే ఇది అందులో రికార్డు కావచ్చు.
• కెమెరా పైకి లేచే ఫోన్లలో మోటారు శబ్దం. 2018–19లో వచ్చిన వివో నెక్స్, వన్‌ప్లస్ 7 ప్రో ఇలాంటివే.
• ఫొటో తీసినప్పుడు వచ్చే 'క్లిక్'. ఇది స్పీకర్ నుంచి వచ్చే శబ్దమే. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు.

ఒక్కోసారి శబ్దం కెమెరాది కాకపోవచ్చు. పక్క బటన్లు, వైబ్రేషన్ మోటారు కూడా కొద్దిగా కదులుతాయి. అయితే ఫోన్ వెనుక మూత ఉబ్బినట్టు, అంచు లేచినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందేమో చూపించుకోవాలి. అలాంటి ఫోన్‌ను నొక్కకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు.

లోపాన్ని సూచించే గుర్తులు

• కెమెరా ఆన్‌లో ఉండగా ఆగకుండా బరబర, టకటక శబ్దం రావడం.
• ఫోన్‌ను కదలకుండా పెట్టినా తెరమీద బొమ్మ వణకడం లేదా అలలుగా కనిపించడం.
• దూరంగా ఉన్నవీ, దగ్గరగా ఉన్నవీ రెండూ మసకగానే రావడం.
• ఫోన్ కింద పడిన తర్వాత గలగల కొత్తగా మొదలవడం లేదా బాగా పెరగడం.
• కెమెరా గాజు పగలడం, లోపల ఆవిరి లేదా దుమ్ము కనిపించడం.

వీటిలో శబ్దంతో పాటు బొమ్మలో తేడా కూడా ఉంటే ఆలస్యం చేయకుండా సర్వీస్ సెంటర్‌కు చూపించాలి.

బైకు, ట్రాక్టర్ అదురుతో జాగ్రత్త

శక్తివంతమైన మోటారుసైకిల్ ఇంజిన్ల అదురు హ్యాండిల్ ద్వారా ఫోన్‌కు చేరితే కెమెరా పనితీరు తగ్గవచ్చని ఆపిల్ సంస్థ 2021 సెప్టెంబరులో తన వినియోగదారులను హెచ్చరించింది. మోపెడ్లు, ఎలక్ట్రిక్ స్కూటర్లకు బిగించేవారు కూడా అదురు తగ్గించే హోల్డర్ వాడాలని, ఎక్కువసేపు వాడకూడదని సూచించింది. లెన్స్‌ను కదిపే ఏర్పాటు ఉన్న ఏ ఫోన్‌కైనా ఈ జాగ్రత్త మంచిదే.

• దారి చూసుకోవడానికి ఫోన్‌ను బైకు హ్యాండిల్‌కు నేరుగా బిగించవద్దు.
• ట్రాక్టర్ మడ్‌గార్డు మీద, పవర్ టిల్లర్ మీద, నడుస్తున్న ఆయిల్ ఇంజిన్ మీద ఫోన్ పెట్టవద్దు.
• పవర్ స్ప్రేయర్ వీపున వేసుకున్నప్పుడు ఫోన్‌ను గట్టు మీద సంచిలో ఉంచడం మేలు. అదురుతో పాటు మందు తుంపర్ల నుంచి కూడా కాపాడినట్టవుతుంది.
• అయస్కాంతం ఉన్న కవర్లు, హోల్డర్లు కెమెరా దగ్గర ఉంటే ఓఐఎస్, ఫోకస్ సరిగా పనిచేయకపోవచ్చు. అవి తీసేసి చూడండి.

సాఫ్ట్‌వేర్ వల్ల కూడా కావచ్చు

2022 సెప్టెంబరులో ఐఫోన్ 14 ప్రో విడుదలైన కొత్తలో, స్నాప్‌చాట్, ఇన్‌స్టాగ్రామ్ వంటి యాప్‌లలో కెమెరా తెరిస్తే లెన్స్ వణికి బరబర శబ్దం వస్తోందని చాలామంది ఫిర్యాదు చేశారు. ఫోన్‌తో వచ్చిన కెమెరా యాప్‌లో మాత్రం ఆ ఇబ్బంది కనిపించలేదు. అదే నెల 22న వచ్చిన ఐఓఎస్ 16.0.2 అప్‌డేట్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. విడిభాగం మార్చాల్సిన అవసరం రాలేదు.

కాబట్టి ఒక యాప్‌లోనే శబ్దం వస్తుంటే, ఫోన్‌తో వచ్చిన కెమెరా యాప్‌లో కూడా పరీక్షించాలి. అక్కడ బాగుంటే ఫోన్‌ను ఒకసారి ఆపి ఆన్ చేసి, ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను, ఆ యాప్‌ను అప్‌డేట్ చేయాలి. అప్పటికీ తగ్గకపోతేనే మరమ్మతు గురించి ఆలోచించాలి.

రిపేరుకు ఇచ్చేముందు

• బిల్లు చూసి వారంటీ ఉందో లేదో సరిచూసుకోండి. ఉంటే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. బయట విప్పిస్తే వారంటీ విషయంలో ఇబ్బంది రావచ్చు.
• శబ్దం, బొమ్మ వణుకు తెలిసేలా మరో ఫోన్‌తో వీడియో తీసి ఉంచండి.
• పంట ఫొటోలు, ముఖ్యమైన నంబర్లు వేరేచోట భద్రపరచండి. సిమ్ తీసి మరో ఫోన్‌లో వేసుకోండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. యూపీఐ పిన్ ఎవరికీ చెప్పవద్దు.
• ఫోన్ ఇచ్చినప్పుడు జాబ్ షీట్ తీసుకోండి. అందులో మీరు చెప్పిన సమస్య, ఐఎంఈఐ నంబరు రాశారో లేదో చూడండి. *#06# నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది.
• తడిసిన ఫోన్‌ను బియ్యంలో పూడ్చవద్దు. నూక, తవుడు రంధ్రాల్లో చేరతాయి. ఫోన్ ఆపేసి, గాలి తగిలే నీడలో ఆరనివ్వాలి.

వారంటీలో ఉన్న లోపాన్ని సరిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు.

చీడపీడల ఫొటో తీసేటప్పుడు

పురుగు బాగా కనిపించాలని ఫోన్‌ను ఆకుకు ఆనించినట్టు పెడితే లెన్స్ ఫోకస్ కుదరక ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ టిక్ టిక్ శబ్దం లోపం కాదు, దూరం సరిపోలేదని అర్థం. ఫోన్‌ను జానెడు దూరానికి జరిపి, రెండింతలు జూమ్ చేసి, తెరమీద పురుగున్న చోట వేలితో తాకండి. గాలికి ఆకు ఊగకుండా కాడను రెండో చేత్తో పట్టుకోండి. లెన్స్‌ను మెత్తని పొడి గుడ్డతో తుడవండి. ఆకు పైభాగం, అడుగుభాగం, మొత్తం మొక్క కలిపి కనీసం 3 ఫొటోలు పంపితే అధికారికి గుర్తించడం తేలిక.

కెమెరా రిపేరులో ఉంటే సలహా కోసం ఆగవద్దు. తెగులు సోకిన ఆకులను, కాయలను సంచిలో వేసి రైతు సేవా కేంద్రానికి తీసుకెళ్లండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే లక్షణాలు చెప్పి సలహా పొందవచ్చు.

గుర్తుంచుకోండి: కెమెరా తెరిస్తే ఆగిపోయే గలగలకు డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. కెమెరా తెరిచాక కూడా శబ్దం వస్తూ బొమ్మ వణికితే, వారంటీ ఉండగానే చూపించుకోవాలి.