రంగూన్ బియ్యం ఆగిన ఏడాది

1942 మార్చిలో జపాన్ సేనలు రంగూన్‌ను పట్టుకున్నాయి. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుగువాళ్లకు కొంత తెలుసు. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసిన కూలీల్లో ఎక్కువమంది మనవాళ్లే. కోరంగి, కాకినాడ, విశాఖ, గంజాం తీరాల నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లు యుద్ధం ముంచుకొచ్చేసరికి కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన తిరుగుముఖం పట్టారు. దారిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. మరుసటి ఏడు బెంగాల్‌లో లక్షలాది మంది ఆకలికి బలయ్యారు. అందుకు బర్మా బియ్యం ఒక్కటే కారణం కాకపోయినా, అది ఆగిపోవడం పెద్ద దెబ్బే. మన పుస్తకాల్లో కథ ఇక్కడితో ముగుస్తుంది. అరేబియా సముద్రానికి అవతలి ఒడ్డున కూడా అదే బియ్యం కోసం పిల్లలు ఎదురుచూశారన్న సంగతి మనం చదువుకోలేదు.

ఆ ఒడ్డు నేటి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్. అప్పట్లో దాన్ని ట్రూషియల్ తీరం అనేవారు. బ్రిటిష్ రక్షణలో ఉన్న చిన్న చిన్న షేక్ రాజ్యాలవి. చెలామణి అయ్యేది మన రూపాయే. 1959లో దాని స్థానంలో మన రిజర్వు బ్యాంకే ముద్రించిన గల్ఫ్ రూపాయి వచ్చి, అక్కడి మార్కెట్లలో 1966 దాకా నడిచింది. బియ్యం బొంబాయి, కరాచీ రేవుల మీదుగా వచ్చేది. ఇసుక నేల మీద వరి పండదు. ఒయాసిస్సుల్లో పండేది ఖర్జూరం, కాస్త పశుగ్రాసం, అక్కడక్కడ నిమ్మ, మామిడి.

ఆ ఒయాసిస్సుల రైతులు బీదవాళ్లు ఎందుకయ్యారో తెలియాలంటే ముత్యాల సంగతి చూడాలి. లివా ఒయాసిస్సులో నాలుగు ఖర్జూరపు చెట్లున్న కుటుంబం వాటి మీదే బతకలేదు. ఎండాకాలంలో మగవాళ్లు సముద్రానికి వెళ్లి ముత్యపు చిప్పల కోసం మునిగేవారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఒయాసిస్సుల్లో ఖర్జూరపు కోతలు చూసుకునేవారు. పడవ నాయకుడు, అంటే నఖుదా, ఇంటికి ముందుగానే బియ్యం, ఖర్జూరం, కాఫీ అప్పుగా ఇచ్చేవాడు. పిల్లల కడుపు నిండేది ఆ అప్పుతోనే. 1920ల చివర జపాన్ సాగు ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తాయి. ఆ వెంటనే 1929 ఆర్థిక మాంద్యం వచ్చింది. ముత్యాలు కొనేవాళ్లు లేకపోయారు, నఖుదా అప్పు ఇవ్వడం మానేశాడు. ఆ కుటుంబాల నడుం విరిచిన జపానే పుష్కరం తిరిగేసరికి రంగూన్‌ను కూడా పట్టుకుని గిన్నెలో మిగిలిన నాలుగు మెతుకులూ లాగేసింది.

యుద్ధకాలంలో బ్రిటిష్ అధికారులు రేషన్ పెట్టారు. ఆ తీరం చూసిన మొదటి పెద్ద ఆహార సాయం అదే అనుకోవచ్చు. బియ్యం, పంచదార, పిండి ఓడల్లో తెచ్చి పాలకుల చేతుల మీదుగా పంచారు. సాయం వచ్చిందన్నది నిజం. అది రేవు దాటి లోపలికి ఎంత చేరిందన్నదే అసలు ప్రశ్న. అవతల ఇరాన్‌లో ధరలు మండిపోతుంటే దుబాయ్ వర్తకుల్లో కొందరు రేషన్ సరుకును అటు దాటించి బాగా గడించారు. చరిత్రకారులు ఈ సంగతి దాచకుండా రాశారు. రేవు పట్నంలో దొంగ రవాణా లాభాలు పోగవుతుంటే ఒంటె మీద రోజుల తరబడి ప్రయాణిస్తే తప్ప చేరుకోలేని ఒయాసిస్సులో తల్లి ఏం వండాలి? ఖర్జూరం ఒంటికి బలమిస్తుంది, కానీ దాంట్లో ఉన్నదంతా దాదాపు చక్కెరే. ఎండుచేప దొరికితే సరి, లేకపోతే పెరిగే పిల్లకు కావలసిన మాంసకృత్తులు ఎక్కడి నుంచీ రావు. మిడతల గుంపులు దిగినప్పుడు వాటిని కాల్చుకుని తిన్నారని ఆ తరం ముసలివాళ్లు చెప్పుకుంటారు.

1946లో అబుదాబి పాలక కుటుంబానికి చెందిన షేక్ జాయెద్ అల్ ఐన్ ఒయాసిస్సు ప్రాంతానికి అబుదాబి ప్రతినిధిగా వచ్చారు. అప్పటికి ఆయన వయసు ముప్పై లోపే. చేతిలో డబ్బు లేదు. చమురు పడటానికి ఇంకా చాలా ఏళ్లు ఉన్నాయి. ఆయన చేయి పెట్టింది ఫలజ్ మీద. కొండపాదాన ఊరే నీటిని భూమి లోపలి సొరంగం గుండా మైళ్ల దూరం పారించి తోటల్లోకి వదిలే కాలువను ఫలజ్ అంటారు. అల్ ఐన్‌కు దగ్గరలోని హిలీలో మూడు వేల ఏళ్ల నాటి ఫలజ్ ఆనవాళ్లు బయటపడ్డాయి. మన చెరువు కింద నీరటికాడు ఉన్నట్టే అక్కడ అరీఫ్ ఉంటాడు. పగలు నీడ చూసి, రాత్రి నక్షత్రాలు చూసి ఎవరి వంతు ఎప్పుడో అతను చెబుతాడు. ఆ కాలువలు పూడిపోయాయి. మిగిలిన నీటిలో వంతు కొనుక్కోగలిగినవాడికే తోట మిగిలింది, బీద రైతు చెట్టు ఎండిపోయింది. జాయెద్ సొరంగాల్లో పూడిక తీయించారు, తాను కూడా దిగి పనిచేశారని స్థానికులు చెబుతారు. అంతకంటే పెద్ద పని ఇంకొకటుంది. ముందు తన కుటుంబం నీటి హక్కులు వదులుకునేలా చేసి, ఆ తర్వాత నీటిని అందరికీ ఉచితం చేశారు. పిల్లల పోషణ చరిత్రలో ఫలజ్ పేరు ఎవరూ రాయరు. బీద రైతు ఇంట్లో పిల్లవాడి గిన్నెకు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన మార్పు అదేనని నా నమ్మకం. ఇంటి ముందు నీళ్లుంటే మేకకు గడ్డి ఉంటుంది, మేక ఉంటే పాలుంటాయి.

అయినా పిల్లలు చనిపోతూనే ఉన్నారు. తిండి ఒక్కటే చాలదు. మలేరియా, క్షయ, రక్తహీనత పీడించే తల్లి కడుపున పుట్టిన బిడ్డ మొదటి నెల దాటడమే కష్టం. 1960 నవంబరులో పాట్ కెన్నెడీ, మరియన్ కెన్నెడీ అనే అమెరికన్ డాక్టర్ దంపతులు అల్ ఐన్ చేరారు. షేక్ జాయెద్ తన మట్టి ఇటుకల అతిథి గృహాన్ని వాళ్లకు ఆసుపత్రిగా ఇచ్చారు. అదే ఒయాసిస్ హాస్పిటల్. అక్కడ పుట్టిన పిల్లల్లో సగం మంది బతకడం లేదనీ, ప్రసవాల్లో తల్లులు మూడో వంతు దాకా చనిపోతున్నారనీ ఆ ఆసుపత్రి తన చరిత్రలో రాసుకుంది. రెండేళ్ల తర్వాత గెర్ట్రూడ్ డైక్ అనే కెనడా నర్సు వచ్చి చేరింది. ఒయాసిస్సు ఆడవాళ్లు ఆమెను డాక్టరమ్మ లతీఫా అని పిలుచుకున్నారు. తర్వాత ఆమె తన జ్ఞాపకాలను పుస్తకంగా రాసింది. ఇప్పటి దేశాధ్యక్షుడు షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ 1961 మార్చిలో ఆ ఆసుపత్రిలోనే పుట్టారు. పాలకుడి బిడ్డకూ తోటమాలి బిడ్డకూ ఒకే మట్టి గోడల మధ్య ఒకే చేతులు పురుడు పోశాయి. ఆ మాట రాస్తుంటే మనసు నిండుతుంది.

ఉత్తరాన ఉన్న రాస్ అల్ ఖైమా రాజ్యంలో ఇంకో పని జరిగింది. 1955లో దిగ్దాగా అనే చోట వ్యవసాయ ప్రయోగ క్షేత్రం పెట్టారు. బ్రిటిష్ వ్యవసాయ నిపుణుడు రాబిన్ హంటింగ్టన్ అక్కడ రైతులకు టమాటా, కూరగాయలు పండించడం నేర్పారు. ఖర్జూరమూ ఎండుచేపా తప్ప ఎరగని పళ్లెంలోకి పచ్చని కూర వచ్చింది.

చమురు ఎగుమతి 1962లో మొదలైంది. జాయెద్ 1966లో అబుదాబి పాలకుడయ్యారు, 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ సమాఖ్య ఏర్పడింది. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1968 జనగణనలో లక్షా ఎనభై వేల మంది ఉన్న చోట ఇవాళ కోటి దాటారు. అయిదేళ్ల లోపు పిల్లల మరణాలు వెయ్యికి పది లోపుకు దిగాయి.

సాయం అందుకున్న ఆ తీరం సాయం ఇచ్చే చోటుగానూ మారింది. సమాఖ్య ఏర్పడటానికి కొన్ని నెలల ముందే, 1971 జూలైలో, బయటి దేశాల అభివృద్ధి పనులకు డబ్బిచ్చే అబుదాబి నిధిని స్థాపించారు. 2003లో దుబాయ్‌లో అంతర్జాతీయ మానవతా నగరం వెలిసింది. ప్రపంచ ఆహార కార్యక్రమం గిడ్డంగులు అక్కడున్నాయి. భూకంపమో యుద్ధమో వస్తే పోషక బిస్కెట్లు, గుడారాలు, మందులు అక్కడి నుంచి విమానమెక్కుతాయి. ఆ బిస్కెట్లు వంద గ్రాములు తింటే 450 కిలోకేలరీలు అందుతాయి. పొయ్యి వెలిగించలేని చోట అదెంత మేలో చెప్పనక్కరలేదు. 2021 రంజాన్‌లో పది కోట్ల భోజనాలు, 2022లో వంద కోట్ల భోజనాలు అని దుబాయ్ పాలకుడు షేక్ మొహమ్మద్ బిన్ రాషిద్ పేర పెద్ద ప్రచారాలే నడిచాయి. రేషన్ ఓడ కోసం ఎదురుచూసిన తీరం ఇన్ని గిన్నెలు నింపడం గొప్ప విషయమే. అయితే ఈ దేశం తన సొంత పిల్లల్ని కాపాడుకున్న దారిలో ఓడలో వచ్చిన బస్తా కంటే కాలువ, విత్తనం, మంత్రసాని పనే ఎక్కువ. సాయం పంపే చేతులు ఆ సంగతి మరవకూడదు.

మరవలేదనడానికి ఒక ఆధారం ఉంది. దుబాయ్‌లో 1999 నుంచి అంతర్జాతీయ ఉప్పునేల వ్యవసాయ కేంద్రం పనిచేస్తోంది. ఉప్పు నీటితోనూ పండే పంటల్ని బీద రైతుల కోసం వెతకడం దాని పని. అక్కడి మడుల్లో పరీక్షించిన జొన్న, సజ్జ రకాల్లో మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి వెళ్లినవి ఉన్నాయి. ఒకప్పుడు తెలుగు చేతులు ఎత్తిన బస్తాల్లో బియ్యం వెళ్లిన దిక్కుకే ఇప్పుడు తెలుగు నేల మీద ఎంచిన విత్తనం వెళ్తోంది. అటు నుంచి ఇటు వచ్చేదీ ఉంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో బోర్లు ఎండి గల్ఫ్ బాట పట్టిన రైతుల ఇళ్లలో పిల్లల పాలకూ గుడ్డుకూ అక్కడి నుంచే నెల నెలా డబ్బు వస్తోంది.