చిలుక గ్రక్కెడు మేత

చిలుకలకు మాటలు నేర్పుట మన దేశమునఁ బురాతనవిద్య. వాత్స్యాయనుఁడు 64 కళలలో దీని నొకటిగాఁ జేర్చెను. తెనుఁగునఁ బాలవేకరి కదిరీపతి శుకసప్తతిలోఁ జిలుకయే కథలు చెప్పును. ఇంత చరిత్రయందును మనము వ్రాసియుంచినవి మనము నేర్పిన పలుకులే. చిలుక తనంతఁ జెప్పుదానిని గమనించినవారు తక్కువ.

మా నరసన్నపేటలోఁ బెంపుడుచిలుక తల యాడించి మేత గ్రక్కఁగా, దిష్టి తగిలెనని మిరపకాయలు దిగదుడిచినవారిని నే నెఱుఁగుదును. అది తెగులు కాదు. తొఱ్ఱలోఁ బొదుగుచున్న యాఁడుచిలుకకు మగది తన కంఠము క్రింది తిత్తినుండి మేత తెచ్చి నోటి కందించును. పిల్లలను సాఁకుటయు నిట్లే. పంజరమున జోడులేని పక్షి యా మేతను యజమానుని వ్రేలికో, అద్దములోని తన నీడకో సమర్పించును. పూర్వులు శుకమును మన్మథునకు వాహనము చేసిరి గదా!

అట్టి పక్షిని దండింపరాదు. అద్దమును దీసివేయవలెను, వీపు నిమురుట మానవలెను, వెచ్చని మెత్తని మేత తగ్గింపవలెను. తల విదలించి మేతను నలుదెసలఁ జిమ్ముచు, ఈఁకలు ఉబ్బించి, చిక్కిపోవుచున్నచో నది నిజమైన వాంతి. వెంటనే పశువైద్యునకుఁ జూపవలెను.

మన దేశపుఁ జిలుకలను బట్టుట, అమ్ముట, పెంచుట 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణచట్టముచే నిషిద్ధము. అట్టిది యింట నున్నచో నటవీశాఖ కప్పగింపవలెను. నియమానుసారముగఁ బెంచఁదగినవి విదేశజాతులే. వానికిని స్వభావ మిదియే. శ్రోతలారా, వానికి మన మాట నేర్పుటకు ముందు వాని మాట మనము తెలిసికొందము.