గురక: చికిత్సల చరిత్ర

నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి సన్నబడినప్పుడు, ఆ ఇరుకులోంచి పోయే గాలికి కొండనాలుక, మెత్తని అంగిలి, గొంతు గోడలు అదిరి పుట్టే చప్పుడే గురక. వెల్లకిలా పడుకుంటే నాలుక కూడా వెనక్కి జారి దారి మరింత ఇరుకవుతుంది. పూర్తిగా మూసుకుపోతే చప్పుడే ఉండదు. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి కానీ గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడుతుంది, పెద్ద గుర్రుతో ఊపిరి మళ్లీ అందుతుంది. ఇలా కనీసం 10 సెకన్లు శ్వాస ఆగితే దాన్ని ఆప్నియా అంటారు. శ్వాస ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 సార్లకు చేరితే స్లీప్ ఆప్నియా, 30 దాటితే తీవ్రమైనది. గురక పెట్టేవాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. కానీ ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది గురక పెడతారు. గురక మధ్యలో వచ్చే ఆ నిశ్శబ్దమే అసలు ప్రమాదమని వైద్యానికి తెలిసి అరవై ఏళ్లు దాటిందంతే.

గుర్రుపెట్టి నిద్రపోయాడంటే ఒళ్లు తెలియకుండా హాయిగా పడుకున్నాడని మన ఇళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. ఎంతోమందిని ఆసుపత్రికి వెళ్లనివ్వకుండా ఆపుతున్నది ఈ నమ్మకమే. పాతకాలపు వైద్యులు కూడా పగటి మత్తును చూశారు తప్ప రాత్రి గొంతులో ఏం జరుగుతోందో చూడలేదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో నల్లసముద్రపు ఒడ్డున హెరాక్లియాను ఏలిన డయోనిసియస్ విపరీతమైన స్థూలకాయుడు. గాఢనిద్రలోకి జారినప్పుడల్లా సన్నని పొడవాటి సూదులు ఒంట్లోకి గుచ్చి లేపమని వైద్యులు చెప్పారని గ్రీకు రచయితలు రాశారు. 1877లో లండన్ వైద్యుడు విలియం బ్రాడ్‌బెంట్ విషయానికి చాలా దగ్గరగా వచ్చాడు. వెల్లకిలా పడుకుని గురకపెట్టే వృద్ధుల్లో రెండు మూడు శ్వాసల పాటు చప్పుడు ఆగిపోవడం, ఛాతీ వృథాగా కదలడం, ఆపైన పెద్ద గుర్రుతో గాలి లోపలికి పోవడం ఆయన రాసిపెట్టాడు. ఆ వర్ణన దాదాపు 90 ఏళ్లు పక్కన పడి ఉంది.

1956లో అమెరికా వైద్యుడు సిడ్నీ బర్వెల్, ఆయన సహచరులు ఒక వ్యాపారి కేసును ప్రచురించారు. 51 ఏళ్ల ఆ భారీకాయుడు పేకాటలో గెలుపు ముక్కలు చేతిలో పట్టుకునే కునుకు తీసి ఆట పోగొట్టుకున్నాడు. ఆసుపత్రికి వచ్చింది ఆ తర్వాతే. చార్లెస్ డికెన్స్ ‘పిక్‌విక్ పేపర్స్’ నవలలో ఎక్కడ నిలబడితే అక్కడే నిద్రపోయే కుర్రవాడి పాత్రను గుర్తుచేసుకుని వాళ్లు ఈ స్థితికి పిక్‌విక్ సిండ్రోమ్ అని పేరుపెట్టారు. అయితే మత్తుకు కారణం రక్తంలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ అనుకున్నారు. 1965లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా ఇలాంటి రోగుల మెదడు తరంగాలను, శ్వాసను రాత్రంతా నమోదు చేశాకే గుట్టు బయటపడింది. రోగి రాత్రంతా వందలసార్లు ఊపిరాడక లేస్తున్నాడు. తెల్లారితే అవేవీ గుర్తుండవు.

తొలి చికిత్స కఠినమైనది. అడ్డు గొంతులో ఉంది కనక దాని కింద మెడకు రంధ్రం పెట్టారు. 1969లో కూలో బృందం ఈ ట్రకియాస్టమీ ఫలితాన్ని ప్రకటించింది. పగలు రంధ్రం మూసుకుని, రాత్రి తెరుచుకుని పడుకోవాలి. జబ్బు నయమయ్యేది, బతుకు మాత్రం కష్టమయ్యేది. ఇటలీలోని బొలోన్యాలో లుగారేసి బృందం శ్వాస ఆగిన ప్రతిసారీ రక్తపోటు ఎగబాకుతోందని చూపింది. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో గియమినో, డిమెంట్‌లు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అనే పేరును స్థిరపరిచారు.

కత్తి ఇంకో దారి పట్టింది. జపాన్‌లో ఇకెమాత్సు 1960లలోనే గురక కోసం అంగిలికి శస్త్రచికిత్స చేశాడు. 1981లో డెట్రాయిట్‌లో షిరో ఫుజితా కొండనాలుకనూ అంగిలి అంచునూ కత్తిరించి గొంతును వెడల్పు చేసే పద్ధతిని ప్రచురించాడు. 1990లో ఫ్రాన్స్‌లో కమామీ అదే పనికి లేజర్ వాడాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ కొందరి విషయంలో నిజమైంది. మింగిన నీళ్లు ముక్కులోకి వచ్చేవి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. చప్పుడు తగ్గి, శ్వాస ఆగడం మాత్రం కొనసాగితే పక్కన పడుకున్న మనిషికి హెచ్చరిక కూడా అందదు. అందుకే కోతకు ముందూ తర్వాతా నిద్ర పరీక్ష తప్పనిసరి. పిల్లల సంగతి వేరు. వాళ్లలో ఎక్కువసార్లు కారణం ఉబ్బిన టాన్సిల్స్, అడినాయిడ్స్. వాటిని తీసేస్తే చాలామందికి తగ్గిపోతుంది.

1980 జూన్‌లో సిడ్నీలో కాలిన్ సలివన్ దగ్గరికి ఒక రోగి వచ్చాడు. మెడకు రంధ్రం వద్దన్నాడు, ప్రయోగానికి మాత్రం సరేనన్నాడు. సలివన్ ఆ మనిషి ముక్కుకు ఒక మాస్కు అతికించి, వాక్యూమ్ క్లీనర్ తరహా మోటారుతో గాలిని లోపలికి నెట్టాడు. ఆ ఒత్తిడికి గొంతు గోడలు విచ్చుకుని నిలిచాయి. గురక ఆగింది, ఊపిరి సాగింది. ఒత్తిడి తగ్గిస్తే జబ్బు తిరిగొచ్చేది, పెంచితే పోయేది. 1981లో ఐదుగురు రోగుల ఫలితాలు ‘లాన్సెట్’లో వచ్చాయి. నేటి సీప్యాప్ యంత్రానికి మూలం అదే. ఈ చరిత్రలో ఇంతకన్నా గొప్ప మలుపు లేదని చెప్పవచ్చు. ఒక్క గాటు లేకుండా, మొదటి రాత్రే ఫలితం చూపిన చికిత్స ఇది.

ముప్పు ఎంతో ఆ తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. 1993లో విస్కాన్సిన్ పరిశోధకులు 30 నుంచి 60 ఏళ్ల ఉద్యోగులను పరీక్షించగా పురుషుల్లో 24 శాతం, స్త్రీలలో 9 శాతం మందికి నిద్రలో శ్వాస ఆటంకాలు కనిపించాయి. ఆప్నియా ఉన్నవాళ్లకు తర్వాతి ఏళ్లలో రక్తపోటు వచ్చే అవకాశం ఎక్కువని 2000లో అదే బృందం చూపింది. 2005 నాటి స్పెయిన్ అధ్యయనంలో చికిత్స తీసుకోని తీవ్ర రోగుల్లో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ. ఉత్త గురక మాత్రమే ఉన్నవాళ్లలో ఆ పెరుగుదల లేదు. 2016లో వచ్చిన సేవ్ అధ్యయనంలో మాత్రం సీప్యాప్ గుండె జబ్బులను తగ్గించలేదు. పగటి మత్తు తగ్గింది. అందులో రోగులు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలే. తెలుగులో ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ చిత్రాలకు సంగీతమిచ్చిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో మరణించినప్పుడు, కారణంగా వైద్యులు చెప్పింది ఈ జబ్బునే.

మాస్కు పడనివాళ్ల కోసం వెతుకులాట ఆగలేదు. కింది దవడను ముందుకు నిలిపే నోటి పరికరం తేలికపాటి, మధ్యస్థ జబ్బుకు పనికొస్తుంది. 2009లో బ్రెజిల్ పరిశోధకులు నాలుక, గొంతు వ్యాయామాలతో మేలు జరుగుతుందని చూపారు. నాలుక నరాన్ని ప్రేరేపించే పరికరాన్ని ఛాతీలో అమర్చడానికి 2014లో అమెరికా అనుమతి ఇచ్చింది. పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, రాత్రిపూట మద్యం మానడం ఎప్పుడూ మొదటి సలహాలే. 2024 డిసెంబరులో ఊబకాయంతో పాటు మధ్యస్థ లేదా తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దవాళ్లకు టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా ఆమోదించింది. ఈ జబ్బుకు అనుమతి దొరికిన తొలి మందు అదే. ఊబకాయం లేకపోయినా చిన్న దవడ వల్ల గొంతు ఇరుకైనవాళ్లకు అది అక్కరకు రాదు, వాళ్లకు ఇప్పటికీ మాస్కో నోటి పరికరమో శస్త్రచికిత్సో దారి.