నాగపురమున టపా విమానపాతము

1949 జనవరిలో ప్రారంభమైన రాత్రి టపా ఏర్పాటు ననుసరించి బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసులనుండి విమానములు నడిరేయి నాగపురమున కలిసికొని, సంచులు మార్చుకొని మరలుచుండెను. ఆ యేటి ఏప్రిలునుండి సామాన్యపు జాబులు సైతము హెచ్చు రుసుము లేకయే విమానమెక్కినవి. బొంబాయి కామాఠిపురపు తెలుగు కూలివాడు మద్రాసునకు వ్రాసిన జాబునకును ఇదియే కూడలి.

1953 డిసెంబరు 12వ తేదీన మద్రాసునకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ డకోటా, నేల విడిచిన కొలదిసేపటికే ఎంజిను చెడి కూలినది. పదిమంది ప్రయాణికులును, నలుగురు సిబ్బందిలో ముగ్గురును మరణించిరి. హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ మొదలగు కంపెనీలు ఈ సంస్థలో కలిసి అప్పటికి నాలుగు నెలలే.

డకోటాకు ఎంజినులు రెండు గదా, ఒకటి పోయినను రెండవది కాపాడదా యని జనులు తలంతురు. మిన్నున సాగునపుడది నిజమే. నేల విడిచిన తరుణమున ఎత్తు లేదు, వేగము చాలదు. పనిచేయు ఎంజిను విమానమును చెడినదాని వైపునకు త్రిప్పును. శక్తిలేని పంకా గాలికి ఊరక తిరుగుచు వెనుకకు లాగును. దాని రెక్కలు గాలికి అంచు చూపునట్లు మరల్చి, వేగము నిలుపుకొనుటకు చోదకునకు కొన్ని సెకండ్లే వ్యవధి. పగలైనచో దిగుటకు పొలమైనను కానవచ్చును. టపా తెల్లవారులోగా చేరవలెనన్న నిబంధనవలన ఆ వెలుగును లేదు.