చదువుల వ్యయము నెవ్వరు భరించిరి?

మన సంఘ వార్షిక మహాసభ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాస మొకటి వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. కులపు పుట్టుపూర్వోత్తరములను గూర్చి అనేకులు వ్రాసియే యున్నారు. కావున మేము దానిని విడిచి, ఈ కళింగసీమలో పైచదువులకైన ఖర్చు నెవ్వరు భరించుచు వచ్చిరను సంగతిని పరిశీలింప బూనితిమి. నేడు మన యిండ్లలో పిల్లవానికి మంచి విద్యాలయమున స్థానము దొరకిన దినమున సంతోషముకంటె ముందు ఫీజు జ్ఞాపకమునకు వచ్చుచున్నది గనుక ఈ పరిశీలనము అనావశ్యకమని పాఠకమహాశయులు తలంపరని నమ్ముచున్నాము.

కళింగపట్నమునకు చేరువనే వంశధార దక్షిణపు గట్టున శాలిహుండము కొండ గలదు. అచ్చటి బౌద్ధ శిథిలములను 1919లో లోకమునకు తెలియజేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. విహారములలో నివసించి చదివిన భిక్షువు రుసుము చెల్లించినవాడు కాడు. గృహస్థులిచ్చిన దానముతో జీవించినవాడు. పిమ్మట కాకతి రుద్రమదేవి నాటి మల్కాపుర శాసనము (1261)నందును విద్యార్థులకును, ఆరోగ్యశాలకును, ప్రసూతిశాలకును గ్రామముల ఆదాయము నొసగిన వృత్తాంతము కానవచ్చుచున్నది. చదువు చెప్పుట కంటె చదువుకొనువానికి అన్నము పెట్టుట పెద్ద ఖర్చని పూర్వు లెరిగియుండిరి. అయినను ఆ పంక్తిలో మనవంటి తీరవాసులకు విస్తరి వేసిన జాడ మాకు కానరాలేదు. పూర్వకాలమును పొగడువారు ఈ మాటను మరువరాదు.

ఇంగ్లీషువారి కాలమున పద్ధతి మారెను. 1854 నాటి వుడ్డుదొర విద్యాలేఖ గ్రాంటు పొందు పాఠశాలలలో ఎంత స్వల్పమైనను ఫీజు తీసికొనుట మంచిదనెను. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము వెలసెను. ఆ సంవత్సరమే విజయనగర ప్రభువులు స్థాపించిన పాఠశాల 1879లో కళాశాల యయ్యెను. రాజుల పోషణము గలచోటను పేదవాని చదువు ఎట్లు సాగెనో తెలియుటకు రామమూర్తి పంతులుగారి జీవితమే చాలును. ఆయన 1863లో శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించెను. 1875లో తండ్రి జ్వరముతో మరణించెను. బంధువుల ఆదరణమున విజయనగరమున చదివి 1879లో మెట్రిక్యులేషను గెలిచెను. అంతట చదువు ఆగెను. సంసారభార మెత్తుకొని 1880లో నెలకు 30 రూపాయల జీతముమీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరెను. పగలు బోధించుచు, తీరికవేళల తాను చదువుకొనుచు, 1886లో ఎఫ్.ఏ. పరీక్షయు, 1896 నాటికి బి.ఏ. పట్టమును పొందెను. మెట్రిక్యులేషనుకును బి.ఏ.కును నడుమ 17 ఏండ్లు! ఆయన బుద్ధికి ఇన్నియేండ్లు పట్టవలసిన పని లేదు. పట్టినది చేతిలో డబ్బు లేకపోవుటచేత.

గురజాడ అప్పారావుగారికి అంత ఆలస్యము కాలేదు. కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారు ఆయనకు ఆశ్రయ మిచ్చిరి. 1882లో మెట్రిక్యులేషను గెలిచిన గురజాడవారు 1886 నాటికే పట్టభద్రులైరి. ఇద్దరికిని నడుమ భేద మొక పూట కూడు, ఒక చావడి నీడ మాత్రమే. అయితే ఆ కాలమున వారములు చేసికొని చదువు నాచారము బ్రాహ్మణ బాలురకే యుండెను. మన పిల్లవాడు పట్టణమునకు పోయి ఎవరి వాకిట నిలువగలడు? తక్కిన కులములవారు తమ బాలురకు వసతిగృహములు కట్టుకొనుటకు ఇదియే మూలము. హైదరాబాదున 1918లో వెలసిన రెడ్డి హాస్టలు ప్రసిద్ధము.

సముద్రమును నమ్ముకొన్నవారిలో దాతలు లేకపోలేదు. కళింగపట్నము ఓడరేవుగా నున్న దినములలో స్టీమరు లిచ్చట ఆగుచుండెడివి. మనసీమనుండి వేలకొలది జనులు రంగూనునకు కూలికి పోయిరి. కోరంగిరేవు పేరుమీదుగా తెనుగువారిని బర్మావారు కోరంగీలని పిలిచిరి. అట్లు పోయి ధనము గడించినవారిలో మత్స్యకార కుటుంబమున జన్మించిన మల్లాడి సత్యలింగ నాయకరు గారొకరు. ఆయన తన యాస్తిని కాకినాడలో ధర్మకార్యములకు వ్రాసియిచ్చెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డుకు పోగోరినపుడు సహాయము చేయ ముందుకు వచ్చినది ఈ ధర్మనిధి. తక్కిన సొమ్ము మామగారు కూర్చిరి. అక్కడ చేరిన పిమ్మటను ఆయన ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి పొట్ట పోసికొనవలసివచ్చెను. రంగూను రేవున ఓడసరకు లెత్తించి గడించిన సొమ్ము బోస్టను దారి చూపుట మన తీరవాసులు తలచుకొని గర్వింపదగిన సంగతి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో వెలసి, 1930లో వాల్తేరునకు వచ్చెను. జయపురము మహారాజా విక్రమదేవవర్మగారు దానికి ఏటేట లక్షరూపాయ లొసగుట అందరెరిగినదే. వ్యాపార నిర్వహణ విద్యలో ఎం.బి.ఏ. తరగతులు ఈ విశ్వవిద్యాలయమున 1957లోనే ప్రారంభమయ్యెను. అహమ్మదాబాదు, కలకత్తా సంస్థలు వెలసినది 1961లో.

అంతవరకు ఫీజు చిన్నది, భోజనవసతులు పెద్దవి. ఈ లెక్క మా కనులయెదుటనే తలక్రిందులయ్యెను. 2004లో అహమ్మదాబాదు మొదలగు సంస్థల ఏడాది ఫీజు సుమారు లక్షన్నర నుండి 30 వేలకు తగ్గింపుమని కేంద్రప్రభుత్వ మాజ్ఞాపించెను. ఆ యేడే ప్రభుత్వము మారి ఆజ్ఞ రద్దయ్యెను. 2008లో అహమ్మదాబాదున రెండేండ్ల చదువుకు 11 లక్షల 50 వేలు. ఇప్పుడు 25 లక్షలకు మించినది. 2015లో మన విశాఖపట్టణమున వెలసిన సంస్థలోను 15 లక్షలకు తక్కువ కాదు. హైదరాబాదు బిజినెస్ స్కూలున ఒక్క సంవత్సరమునకు ఇంచుమించు 35 లక్షలు. హార్వర్డు వ్యాపారవిద్యాలయమున ఏడాది బోధనరుసుమే 75 వేల డాలర్లకు పైమాట. ప్రభుత్వపు గ్రాంటుపై ఆధారపడక స్వతంత్రముగ నుండగోరితిమనియు, పేదలకు రాయితీ లిచ్చుచున్నామనియు సంస్థలవారి వాదము. అందు సత్యము లేకపోలేదు. కాని రాయితీ దొరకునని తెలియనివాడు దరఖాస్తే పెట్టడు.

మహారాజులు పోయిరి, వారి స్థానమున బ్యాంకు వచ్చినది. మహారాజు వడ్డీ యడుగలేదు. చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము వాయిదా కట్టనక్కరలేదందురు గాని, అసలుపై వడ్డీ మాత్రము మొదటి దినమునుండియే పెరుగుచుండును. 2024లో వచ్చిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము స్వదేశమందలి అగ్రశ్రేణి విద్యాలయములకు తాకట్టు లేని ఋణ మిప్పించుచున్నది, మేలే. విదేశములకు పోవువానికి అది వర్తింపదు. అతడు పెద్ద ఋణమునకు తరచుగ భూమి వంటి ఆస్తిని తాకట్టు పెట్టవలసివచ్చును. తీరమున మనవారికి పడవయు వలయును గలవు గాని, బ్యాంకు మెచ్చు భూమి పలువురకు లేదు. ఏప్రిలు 15 మొదలు 61 దినములు వేట నిషేధము. ఫీజులు కట్టవలసిన గడువులు సరిగ ఆ దినములలోనే మీదపడుచుండును.

ఇట్టి స్థితిలో సంఘనిధితో పూర్తి ఫీజులు కట్టబూనుట సాధ్యము కాదు. పదిమందికే నిధి ఖాళీ యగును. మాకు తోచినది వేరు. స్థానము దొరకిన వెంటనే కొలదిదినములలో కట్టవలసిన మొదటి రుసుము బ్యాంకు ఋణము మంజూరు కాకముందే కట్టవలసియుండును. అచ్చటనే మన పిల్లలు జారిపోవుదురు. ఆ మొదటి రుసుమును, పరీక్ష దరఖాస్తుల ఖర్చును, ఇంటర్వ్యూకు పోవు దారిఖర్చును సంఘము వడ్డీ లేక యిచ్చి, ఉద్యోగము దొరకిన పిమ్మట తిరిగి పుచ్చుకొనవచ్చును. అట్లు తిరిగివచ్చిన సొమ్ము మరియొకనికి పనికివచ్చును. సత్రము అంతస్తు పెంచుటకు సేకరించుచున్న చందాలో మూడవవంతు దీనికి మార్చినను సత్రమునకు లోటు రాదని మా యభిప్రాయము.

ఇందు సగము బాలికలకు వేరుగ కేటాయింపవలెనని కొందరును, ప్రతిభయే ప్రమాణమని కొందరును అనుచున్నారు. మేము మొదటివారి పక్షము. కొడుకు చదువునకు పడవ అమ్ముటకు సిద్ధపడు తండ్రి, కూతురు చదువునకు వచ్చుసరికి పెండ్లిఖర్చు లెక్కించును. ఈ సంగతి మన సభ్యులలో ఎరుగనివారు లేరు.