తెడ్డు వేసినా తగ్గని బరువు

లండన్‌లో విలియం బాంటింగ్ పేరున్న అంత్యక్రియల వ్యాపారి. రాజకుటుంబీకుల అంతిమయాత్రలూ ఆ ఇంటివాళ్ల చేతుల మీదుగానే సాగేవి. ఒళ్లు మాత్రం ఆయన మాట వినలేదు. బూట్ల తాళ్లు కట్టుకోలేడు, మెట్లు వెనక్కి తిరిగి దిగాలి. వైద్యుడి సలహాతో పొద్దున్నే రెండేసి గంటలు పడవ నడిపాడు. కండలు గట్టిపడ్డాయి, ఆకలి రెచ్చిపోయింది. తిన్నాడు, బరువూ పెరిగాడు.

నేటి జిమ్‌లలో వినిపించే గోడే ఇది!

1862లో, 202 పౌండ్ల బరువుతో, చెవుడు పోగొట్టుకుందామని చెవి వైద్యుడు విలియం హార్వే దగ్గరికి వెళ్లాడు. చెవుడుకీ మూలం ఆ ఒళ్లేనని తేల్చిన హార్వే రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంప మానమన్నాడు. వైన్‌కి మాత్రం అడ్డు చెప్పలేదు, అదో విడ్డూరం. ఏడాదిలో 46 పౌండ్లు కరిగాయి.

ఆ అనుభవాన్ని 1863లో చిన్న పుస్తకంగా అచ్చువేసి, మొదట ఉచితంగానే పంచాడు. స్వీడన్‌లో బరువు తగ్గడానికి నోరు కట్టుకోవడాన్ని ఇప్పటికీ ఆయన పేరు మీదే ‘బాంటా’ అంటారు.